గుర్రు మానిన ధూమకేతు

పాలరాతి స్తంభాలు, వాటికి అల్లుకున్న బంగారు తీగలు, ఆ తీగల మీద పగడాల చిలుకలు. గంధపు చెక్క తలుపులు, వాటికి వెండి గంటలు. నేలంతా చంద్రకాంత శిలలు, కిటికీలకు ముత్యాల జాలర్లు. నట్టనడుమ హంసతూలికా తల్పం. కాంస్యగిరి మహారాజు వీరకంఠీరవుడు తన పెంపుడు కుక్కకు కట్టించిన మందిరం అది. చూడవచ్చిన రాయబారులు నోళ్లు వెళ్లబెట్టేవారు. తల్పం మీద ఉండాల్సిన కుక్క మాత్రం దాని కింద, గోడ మూలకు నక్కి, వణుకుతూ పడి ఉంది.

దాని పేరు ధూమకేతు. దూడంత ఎత్తు, పొగరంగు బొచ్చు. దాని అందం మీద ఆస్థాన కవి ఒక దండకమే రాశాడు. ఇప్పుడా బొచ్చు పొట్ట కింద ఉండలు కట్టి, తొడల దగ్గర పల్లేరుకాయలతో పెనవేసుకుని, మెడ చుట్టూ పాత పరుపులా అట్టకట్టి ఉంది. ఆ అట్ట కింద చర్మం పుండు పడిందని వాసనే చెబుతోంది. వాసన గురించి రాయమని కవిని ఎవరూ అడగలేదు.

తలుపు గంటలు మోగగానే తల్పం కింద గుర్రు మొదలైంది.

"వచ్చావా అబ్బీ?" అంది కుక్కకు తిండి గిన్నె పెట్టే నాంచారవ్వ, తాంబూలం నములుతూ. "నువ్వెన్నోవాడివో నాకు లెక్క కూడా లేదు. కిందటివాడు రెండు వేళ్లు ఇక్కడే వదిలేసిపోయాడు. ఏ మూలో ఉండుంటాయి, చూసి అడుగెయ్యి."

గుమ్మంలో నిలబడినవాడి భుజాన గొంగళి, మొలలో ఇనుప కత్తెర, చేతిలో దొన్నె నిండా ఉడికించిన మేక కార్జం. ఊరివాళ్లకు అతడు గొర్రెల ఉన్ని కత్తిరించే మల్లుడు. నిజానికి నీలధ్వజపురం చిన్న రాకుమారుడు ప్రసేనుడు. తనను పెళ్లాడనన్నదని మాంత్రికుడు కరాళుడు అతడి అక్క హేమలేఖను శిలగా మార్చేశాడు. కనుపాపలు మాత్రం ఇంకా రాయి కాలేదు. అవి కదులుతున్నాయి, వచ్చేపోయేవాళ్లను చూస్తున్నాయి. పున్నమికి అవీ గట్టిపడతాయి. ఆలోగా పాషాణగుహలోని ప్రాణదీపం తెచ్చి ఆమె ముందు వెలిగించాలి. ఆ దీపం వెలిగేది ఒక్కసారే. శిల ముందు వెలిగితే శిలకు ప్రాణం. కరాళుడు వెలిగించుకుంటే వాడికిక చావన్నది లేదు.

గుహ తాళంచెవిని కరాళుడి గురువు, శిష్యుడి బుద్ధి ఎరిగినవాడు కనుక, చచ్చేముందు ఒక కుక్కపిల్ల మెడ బొచ్చులో దాచి మంత్రించాడు. ఆ కుక్క భయపడుతూ ఉండగా ఎవరు తీసినా తాళంచెవి బూడిదైపోతుంది. ఈ సంగతి చెప్పింది ప్రసేనుడు ఊబిలోంచి పైకి లాగిన యక్షిణి.

"కరాళుడికి ఓపికెక్కడిది?" అని నవ్విందామె. "పిల్లను కట్టేసి, దువ్వెన తిరగేసి కొట్టాడు. కొడితే లొంగుతుందనుకున్నాడు. అది భయం నేర్చుకుంది, వాడి చెయ్యి కొరికి పారిపోయింది, వేటకొచ్చిన వీరకంఠీరవుడికి దొరికింది. ఇప్పుడు ఏ చెయ్యి చూసినా వణుకుతుంది. గురువు వేసిన తాళానికి తోడు వాడింకో తాళం వేసుకున్నాడు."

అయితే కరాళుడు ఇప్పుడెక్కడున్నాడో యక్షిణికి తెలియదు. ప్రసేనుడు ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు.

ఇక్కడ రాజుగారి అవసరం రాజుగారిది. పున్నమినాడు పట్టాభిషేక ఉత్సవం. పట్టపుటేనుగు ముందు ధూమకేతు నడవాలి, నిగనిగలాడుతూ నడవాలి. దానికి క్షౌరం చేయలేక ఓడినవాడికి ఆయన తల గొరిగించి గాడిద మీద ఊరేగించేవాడు. ఆ ఏడాది కాంస్యగిరి వీధుల్లో బోడితలలు బాగా పెరిగాయి.

ప్రసేనుడు తల్పం దగ్గరికి పోలేదు. దానికి వీపు పెట్టి నేల మీద చతికిలబడ్డాడు.

"కుక్క అటుంటే ఇటు తిరిగి కూచున్నావేం?" అంది నాంచారవ్వ. "గోడకు క్షౌరం చేస్తావా?"

"దానికి నా మొహంతో పనేం లేదవ్వా. గొడవంతా చేతుల్తోనే. అవి కనపడకుండా ఉంటే కాస్త ఊపిరి పీల్చుకుంటుంది."

ఒక కార్జం ముక్క తీసి వెనక్కి విసిరాడు. గుర్రు ఆగలేదు. ఇంకో ముక్క విసిరాడు. పొద్దువాలేదాకా విసురుతూనే ఉన్నాడు. తండ్రి వేటకుక్కల మధ్య పెరిగినవాడు కనుక అతడికి తెలిసింది ఒకటే: బెదిరిన కుక్క దగ్గర తొందర చూపిస్తే మొదటికే వస్తుంది. కాని అక్క కనుపాపలు గుర్తొచ్చినప్పుడల్లా వేళ్లు వాటంతటవే కత్తెర మీదికి పోయేవి. అప్పుడు ఆ చేతిని తనే తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు.

ముందు అతడు వెళ్లాక ముక్కలు మాయమయ్యేవి. తర్వాత అతడు ఉండగానే మాయమయ్యేవి. ఒకనాడు వీపుకు వెచ్చని ఊపిరి తగిలింది. తడి ముక్కు మోచేతిని తాకి వెనక్కి పోయింది. ప్రసేనుడు కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తితే పారిపోతుందేమోనని అలాగే వదిలేశాడు.

సరిగ్గా అప్పుడే తలుపు అవతల ప్రళయం వచ్చింది.

భోఁ... అని కొమ్ము మోగింది. "రాజాధిరాజ! రాజమార్తాండ! శత్రుకంఠకుఠార! కాంస్యగిరి కల్పవృక్ష!" అని గొంతు చించుకున్నాడు కొమ్ముల తిప్పన. రాజుగారి సొత్తు దేన్ని ముట్టుకోవాలన్నా ముందు కొమ్ము ఊది బిరుదులన్నీ చదవాలని ఆ రాజ్యంలో శాసనం. కంచం ముట్టుకున్నా అంతే, కుక్కను ముట్టుకున్నా అంతే. కొమ్ము మోగిందంటే పట్టుకునే చేతులు, కాళ్లు కట్టే తాళ్లు వెనకే వస్తాయని ధూమకేతుకు ఎవరూ విడిగా నేర్పక్కర్లేకపోయింది.

ఒక్క గెంతు. ముత్యాల జాలరు తెగింది, ముత్యాలు నాలుగు దిక్కులా జల్లున రాలాయి, కుక్క కిటికీలోంచి కోటగోడ మీద పడింది. ప్రసేనుడు దాని వెనకే దూకాడు. గోడ మీది కావలివాళ్లు "రాచకుక్క! రాచకుక్క!" అని కేకలేస్తూ ఈటెలు అడ్డం పెట్టారు. కుక్క ఒకడి భుజం మీంచి దూకింది, ఇంకొకడి కాళ్ల సందున దూరింది, నూనె కాగుతున్న కొప్పెరను తన్ని పడేసింది. సలసల కాగే నూనె రాళ్ల మీద పాము పిల్లల్లా పరుగెత్తింది. ప్రసేనుడు ఈటె ఒకటి లాక్కుని, దాన్ని ఊతగా పెట్టి నూనె మీంచి అవతలికి ఎగిరాడు. బురుజు చివర గోడ అయిపోయింది. కింద మొసళ్లతో నిండిన అగడ్త. కుక్క అంచు మీద నిలబడి, వెనక కాళ్లు జారుతూ, పళ్లు బయటపెట్టింది.

"ఎవరూ కదలొద్దు!" అని అరిచి ప్రసేనుడు దానికి వీపు చేసి రాళ్ల మీద బోర్లా పడుకున్నాడు. మీద గొంగళి కప్పుకుని ఒక అంచు ఎత్తి పెట్టాడు.

కావలివాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. వీడికి పిచ్చెత్తిందని నిశ్చయించుకుని, ఎవరు ముందు చెప్పాలా అని ఆలోచిస్తూ ఉండగా, దూడంత కుక్క గొంగళి కింద దూరి అతడి చంకలో తల దాచుకుంది.

ఆ సాయంత్రం ప్రసేనుడు తిప్పనను పట్టుకున్నాడు.

"శాసనంలో కొమ్ము ఊదాలని ఉంది కదన్నా. ఎక్కణ్ణుంచి ఊదాలో ఉందా?"

తిప్పన మీసం దువ్వాడు. "లేదు. మా తాత రాజుగారి చెవి పక్కనే ఊదేవాడు. అప్పటి రాజుగారికి చెవుడు."

"అయితే నువ్వు తూర్పు బురుజు మీంచి ఊదు. బిరుదులు కూడా అక్కడే చదువుకో."

"అంత దూరాన చదివితే ఎవరు వింటారయ్యా?"

"ఇప్పుడు మాత్రం ఎవరు వింటున్నారన్నా?"

తిప్పన కాసేపు ఆలోచించి, నొచ్చుకుని, ఒప్పుకున్నాడు. బురుజు మీద కొమ్ము సన్నగా మోగినప్పుడల్లా మందిరంలో కార్జం ముక్క పడేది. కొమ్ము ఆగితే ముక్కలూ ఆగేవి. తిప్పన కొంచెం కొంచెంగా దగ్గరికి వచ్చాడు. చివరికి గుమ్మంలో నిలబడి "శత్రుకంఠకుఠార" అంటే ధూమకేతు తల్పం కింద నుంచి వచ్చి నాలుక చప్పరించేది. రాజుగారి బిరుదులు వినాలని ఆత్రపడిన ప్రాణి ఆ రాజ్యంలో అదొక్కటే.

దువ్వెన పనీ అలాగే నడిచింది. ముందది నేల మీద ఊరికే పడి ఉంది, దాని పళ్ల మీద కార్జం ఉంది. తర్వాత దాని వీపు కుక్క భుజాన్ని తాకి వెళ్లింది. ప్రసేనుడు అరచెయ్యి చాపితే ధూమకేతు గడ్డం తెచ్చి అందులో పెట్టేది. పెట్టినంతసేపే దువ్వడం. తీసేస్తే దువ్వెన కింద పెట్టాల్సిందే, ఎంత చిక్కు మధ్యలో ఉన్నా సరే. చిక్కును లాగకుండా, మొదట్లో వేళ్లతో అదిమిపట్టి, కొసల నుంచి విడదీసేవాడు. పల్లేరుకాయలు ఒక్కొక్కటే వచ్చేవి. పుండు మీద పసుపూ నెయ్యీ రాసేవాడు. ఎన్నాళ్ల తర్వాతో కుక్క పక్కకు ఒరిగి, పొట్ట చూపించి, నిట్టూర్చింది.

ఒక్క విషయం మాత్రం కుదరలేదు. తిప్పనను చూసి తోకూపే కుక్క, కావలివాళ్ల చేతులు నాకే కుక్క, నాంచారవ్వ పక్కకు వస్తే మాత్రం గుర్రుమనేది. లోపలెక్కడో రాళ్లు దొర్లినట్టుండే గుర్రు.

"చూశావా అబ్బీ," అంది అవ్వ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "రోజూ గిన్నె పెట్టే చెయ్యి ఇది. దీనికే గుర్రు. నేనేం కొట్టానా, తిట్టానా? రేపు నువ్వు ఉన్ని మూట నెత్తినెట్టుకుని పోతావు. ఈ బొచ్చు మళ్లీ పెరుగుతుంది, మళ్లీ కుళ్లుతుంది. దువ్వే దిక్కెవరు చెప్పు? నా చెయ్యి కూడా కాస్త అలవాటు చెయ్యి నాయనా."

ప్రసేనుడి మనసు కరిగింది. అందులో అతడి లెక్కా ఒకటుంది: ఇంత కుక్కను కత్తిరించేటప్పుడు మెడ పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. ముసలిదాని తాంబూలం వాసన పడలేదు కాబోలనుకున్నాడు. అవ్వను దూరంగా కూర్చోబెట్టాడు, ఆమె చేత ముక్కలు వేయించాడు. దగ్గరికి జరిపాడు. ఆమె చెయ్యి కుక్క భుజాన్ని తాకగానే తన చేత్తో తినిపించాడు. గుర్రు సన్నబడింది. మధ్యమధ్య కుక్క అతడి మొహంలోకి చూసేది, ఏదో అడిగినట్టు. "ఏం కాదురా, మన అవ్వే" అనేవాడు. కుక్క ఆలోచించి ముక్క తీసుకునేది. పున్నమి దగ్గరపడేసరికి గుర్రు పూర్తిగా పోయింది. ఆ రోజు ప్రసేనుడు సంబరంగా దొన్నెలో మిగిలిందంతా దానికే పెట్టాడు.

పున్నమి ఉదయం. కోట మీద పచ్చటి తోరణాలు, వీధుల్లో కస్తూరి నీళ్లు, గజశాలలో ఏనుగుల నుదుళ్ల మీద సిందూరపు పద్మాలు. మందిరం ముందు ముంగిట్లో ఎండపొడ పడేచోట ధూమకేతు గడ్డం ప్రసేనుడి అరచేతిలో పెట్టి నిలబడింది. అవ్వ అవతలి పక్క మోకాళ్ల మీద కూర్చుంది. కత్తెర చప్పుడుకు కుక్క చెవి ఒకసారి కదిలింది, అంతే. ప్రసేనుడు అట్ట కింద వేళ్లు దూర్చి, చర్మానికీ కత్తెరకూ మధ్య తన వేలే అడ్డం పెట్టి, కొద్దికొద్దిగా కోసుకుంటూ పోయాడు. మెడ చుట్టూ ఉన్నదంతా గొర్రెతోలు ఊడినట్టు ఒక్క ముక్కగా వచ్చేసింది. కింద మెడ లేత గులాబీ రంగులో, పాలుతాగే పిల్ల మెడలా ఉంది. ఆ మెడకు నువ్వులనూనె రాసి తడిమాడు. ధూమకేతు కళ్లు మూసుకుంది.

చెవి వెనక, ఆఖరి పిలక కింద, గోరంత వెలుగు. తాళంచెవి.

"అవ్వా, కాస్త పట్టుకో. కదలనివ్వకు. ఆ పిలక ఒక్కటీ..."

"నువ్వెందుకు నాయనా శ్రమపడతావు," అంది నాంచారవ్వ. చెయ్యి చాపింది. కుక్క కళ్లు తెరవకుండానే ఆ చేతికి మెడ ఇచ్చింది. వేళ్లు పిలకను మెలితిప్పి తెంపాయి. తాళంచెవి బూడిద కాలేదు. ఆ అరచేతిలో నిప్పుకణికలా మెరిసింది.

ఆ చేతి మణికట్టు మీద, ముడతల కింద, పాత పళ్లగాట్లు అర్ధచంద్రాకారంలో తేలాయి. ముడతలు పోయాయి. తాంబూలం రంగు పెదాలు చెవులదాకా సాగాయి. వంగిన నడుము నిటారైంది. నెరసిన కొప్పు విడిపోయి నల్లటి జడలు భుజాల మీద పడ్డాయి.

"ఓపిక నా వల్ల అయ్యేది కాదు రాకుమారా," అన్నాడు కరాళుడు. "అందుకే ఓపిక ఉన్నవాడి కోసం గిన్నెలు కడుగుతూ కూర్చున్నాను. వచ్చినవాళ్లందరూ నాలాంటివాళ్లే, ఒకళ్లకన్నా ఒకళ్లు దరిద్రులు. నువ్వు దొరికావు. ఈ కుక్క నన్ను మొదటిరోజు నుంచీ గుర్తుపట్టింది. రోజూ నీతో చెబుతూనే ఉంది. నువ్వే కదా ముక్కలు పెట్టి నోరు మూయించావు."

ప్రసేనుడు కత్తెర ఎత్తి మీదికి దూకాడు. కరాళుడు చిటికె వేశాడు. ముంగిలి మీద నీడ పడింది. ఏనుగంత రాబందు, మెడకు ఇనుప గొలుసుతో, సుడిగాలిలా దిగింది. మాంత్రికుడు దాని వీపెక్కాడు. రెక్కల గాలికి తోరణాలు తెగాయి, ఏనుగులు ఘీంకరించాయి, గుమ్మంలో తిప్పన కొమ్ము నోట్లో పెట్టుకునే వెల్లకిలా పడ్డాడు. ప్రసేనుడు కత్తెర మొలలో దోపుకుని, ఎగిరి, వేలాడుతున్న గొలుసు కొస అందుకున్నాడు. కాళ్లు నేలను వదిలాయి. నడుము దగ్గర ఒక్కసారి బరువు పడింది. ధూమకేతు అతడి నడికట్టు పళ్లతో పట్టుకుని వేలాడుతోంది.

కోట కిందికి జారిపోయింది. తర్వాత తోటలు, తర్వాత వెయ్యి అద్దాలు పరిచినట్టు నీలసరస్సు. రాబందు బరువు మోయలేక ఒక పక్కకు ఒరిగింది. ఉత్తరాన పాషాణగుహ ఉన్న నల్లకొండ కనిపిస్తోంది. కాని అక్కడిదాకా ఈ బరువుతో పోలేదు.

"కుక్కను వదిలెయ్," అని పైనుంచి వినబడింది. "లేదా గొలుసు వదిలెయ్. రెంటిలో ఏదో ఒకటి త్వరగా తేల్చుకో. మీ అక్క ఎదురుచూస్తుంటుంది, చూడ్డం ఒక్కటే కదా ఆవిడ చేయగలిగింది."

నడికట్టు పర్రున చిరిగింది. ప్రసేనుడు ఒక చేత్తో గొలుసు పట్టుకుని రెండో చెయ్యి కిందికి చాచి కుక్క మెడ అందుకున్నాడు. జూలు ఉన్నట్టయితే పిడికిలి నిండా దొరికేది. నూనె రాసిన నున్నటి మెడ మీద వేళ్లు జారాయి. మళ్లీ పట్టుకోబోయాడు. మళ్లీ జారాయి. ధూమకేతు కరవలేదు, గిలగిల్లాడలేదు. ఆ చెయ్యి ఏదో మంచికే వచ్చి ఉంటుందన్నట్టు అతడి మొహంలోకే చూస్తూ, గుడ్డ ముక్క నోట్లో ఉండగానే పడిపోయింది.

బరువు తగ్గగానే రాబందు రివ్వున పైకి లేచింది. చాలా కింద నీళ్లు ఒక్కసారి తెల్లగా లేచి మళ్లీ నీలమయ్యాయి. కాసేపటికి వాటి మీద బూడిదరంగు చుక్క ఒకటి తేలింది. అది ఒడ్డు వైపు పోవడం లేదు. రాబందు నీడ ఎటు పోతే అటే, నీళ్లు చీల్చుకుంటూ ఈదుతోంది. దాని వెనక, రెల్లు దుబ్బుల్లోంచి, నీళ్లలో పొడుగాటి గీతలు బయల్దేరాయి.

"మొసళ్లు," అన్నాడు కరాళుడు, తీరిగ్గా. "ఇప్పుడు దూకినా అందుకుంటావు. ఈతొచ్చు కదా నీకు?"

వచ్చు. ప్రసేనుడి పిడికిలి గొలుసు మీద ఒకసారి సడలింది. నల్లకొండ దగ్గరైంది. కొండ పొట్టలో గుహ ద్వారం, దాని మీద సూర్యుడి వెలుగు పడని రాతి తలుపు స్పష్టంగా కనబడుతున్నాయి. పున్నమి చంద్రుడు లేచేలోగా దీపం అక్క ముందు వెలగాలి.

అతడు కిందికి చూడడం మానేశాడు. పళ్లు బిగించి గొలుసులో పై కడియానికి చెయ్యి వేశాడు, ఆ పై కడియానికి ఇంకో చెయ్యి. రాబందు కాలి గోళ్లు చేతికందేంత దగ్గరయ్యాయి. చెవుల్లో గాలి హోరు. ఆ హోరులో కింద నుంచి ఏదైనా అరుపు వచ్చిందో లేదో అతడికి తెలియదు. తెలియకూడదనే మొలలోని కత్తెర తీసి పళ్ల మధ్య కరుచుకుని, రాబందు కాలు వైపు ఎగబాకాడు.